సముద్రపు పొగమంచును కంప్యూటర్ మోడళ్లతో ముందే పసిగట్టడం ఎలా?

కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌ల్యాండ్ దీవిలో అర్జెంషియా అనే చిన్న రేవు ఉంది. ఏడాదిలో 200 రోజులకు పైగా అక్కడ పొగమంచు కనిపిస్తుంది. ఆ దీవికి ఆగ్నేయంగా గ్రాండ్ బ్యాంక్స్ అనే లోతు తక్కువ సముద్రం పరుచుకుని ఉంటుంది. ఉత్తరం నుంచి లాబ్రడార్ ప్రవాహం మంచుకొండలను మోసుకుంటూ ఆ అంచు వెంట దిగుతుంది. దక్షిణం నుంచి గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చటి నీటిని తెస్తుంది. ఒక ఓడ సగం రోజు ప్రయాణించే దూరంలోనే నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారిపోయే చోట్లున్నాయి. సముద్రపు పొగమంచును అంచనా వేయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. అందుకే ఈ వివరణ అంతా ఆ నీళ్ల చుట్టూనే సాగుతుంది. జూన్, జులై నెలలను మనసులో ఉంచుకుని చదవండి. అక్కడ పొగమంచు ఉద్ధృతంగా ఉండే కాలం అదే.

మన తెలుగువాళ్లలో మర్చంట్ నేవీలో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. వాతావరణ శాస్త్రం చదివే విద్యార్థులూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఇందులో వాడే సమాచారమంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కావలసిందల్లా ఒక కంప్యూటర్, ఒక నోటు పుస్తకం, ఓపిక.

ఒక్క మాట ముందే చెప్పాలి. మోడల్ అంటే వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం. అది ఇచ్చే విజిబిలిటీ అంకెను, అంటే ఎంత దూరం కనిపిస్తుందన్న అంకెను, అన్నిటికన్నా చివర చూడండి. ముందు చూడవలసింది గాలి ఎక్కడి నుంచి వస్తోంది, ఏ నీటి మీదుగా వస్తోంది అన్నదే. దీనికి కారణం మధ్యలో లెక్కతో సహా చూపిస్తాను.

మన చలికాలపు మంచును పక్కన పెట్టండి

డిసెంబరు, జనవరి నెలల్లో మన ఊళ్లలో తెల్లవారుజామున పట్టే మంచు నేల మీద పుట్టేది. రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదిలి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, అందులోని ఆవిరి చుక్కలవుతుంది. దానికి ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి దాదాపు వీచకూడదు. పొద్దెక్కేసరికి విడిపోతుంది.

సముద్రపు పొగమంచుకు ఈ షరతులేవీ వర్తించవు. వెచ్చటి తేమగాలి చల్లటి నీటి మీదికి వచ్చినప్పుడు అది పుడుతుంది. కాబట్టి గాలి వీచాల్సిందే. నడి సముద్రంలో పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా ఓడ ముక్కు కనిపించనంత దట్టంగా ఉండి, గాలి దిశ మారేదాకా రోజుల తరబడి కదలకుండా కూర్చోగలదు. విశాఖ తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో ఇది అరుదు. అక్కడి నీరు చలికాలంలోనూ 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ నీటి మీద చుక్కలయ్యేంత తేమ ఉన్న గాలి ఆ నెలల్లో అటు రాదు. అందువల్ల మన తీరంలో పెరిగినవారికి ఈ మంచు గురించి సహజంగా అబ్బిన అంచనా ఏదీ ఉండదు. అంతా కొత్తగా నేర్చుకోవలసిందే.

ఇక్కడి నుంచి పదే పదే వచ్చే మాట డ్యూ పాయింట్. గాలిని చల్లబరుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. మీ దగ్గర ఉష్ణోగ్రత, తేమ శాతం మాత్రమే ఉంటే చిన్న లెక్క చాలు. 100 నుంచి తేమ శాతాన్ని తీసివేసి, వచ్చినదాన్ని 5తో భాగించి, ఉష్ణోగ్రత నుంచి తగ్గించండి. 16 డిగ్రీల గాలిలో తేమ 95 శాతం ఉంటే డ్యూ పాయింట్ సుమారు 15 డిగ్రీలు. తేమ 50 శాతం పైన ఉన్నంతవరకు ఈ లెక్క బాగానే పనిచేస్తుంది.

మొదటి పని: నీటి ఉష్ణోగ్రత పటం తీయండి

చాలామంది గాలితో మొదలుపెడతారు. మీరు నీటితో మొదలుపెట్టండి. ఎందుకంటే గాలి గంటల్లో మారుతుంది, నీరు నెమ్మదిగా మారుతుంది. ఈ రోజు గీసుకున్న నీటి పటం మరో మూడు నాలుగు రోజులు దాదాపు అలాగే పనికొస్తుంది.

బ్రిటన్ వాతావరణ సంస్థ రోజూ తయారుచేసే ఆస్టియా పటం ఒకటి, నాసా వారి మర్ పటం ఇంకొకటి తీసుకోండి. మొదటిది సుమారు 5 కిలోమీటర్ల గళ్లతో, రెండోది సుమారు 1 కిలోమీటరు గళ్లతో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టండి. వెచ్చటి నీటికీ చల్లటి నీటికీ మధ్య గీత ఎక్కడ ఉందో రెండింటిలోనూ పెన్సిలుతో గుర్తించండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఉపగ్రహాలు నీటి ఉష్ణోగ్రతను ఎక్కువ స్పష్టతతో కొలిచేది పరారుణ కిరణాలతో. ఆ కిరణాలు మబ్బును గాని, పొగమంచును గాని దాటి రావు. అంటే మంచు పట్టి ఉన్న చోటే ఉపగ్రహానికి సముద్రం కనపడదు. వారం రోజులు మంచు కమ్మితే ఆ వారం రోజులూ ఆ నీటి మీద స్పష్టమైన కొలత ఉండదు. మైక్రోవేవ్ తరంగాలు మబ్బును దాటి వస్తాయి గాని, వాటి చూపు పదుల కిలోమీటర్ల మేర అలుక్కుపోతుంది. పైగా తీరం దగ్గర పనిచేయదు. కాబట్టి పటంలో రంగు నిండుగా కనిపిస్తున్నంత మాత్రాన అక్కడ నిన్న కొలిచారని అనుకోవద్దు. అది పాత కొలతకూ ఆ నెల సగటుకూ మధ్య వేసిన అంచనా కావచ్చు.

అందుకని సముద్రంలో తేలే బోయాల కొలతలతో సరిచూడండి. అమెరికా బోయా కేంద్రం వెబ్‌సైట్‌లో కెనడా బోయాల వివరాలూ దొరుకుతాయి. ఓడ మీద ఉంటే మీ దగ్గర ఇంకా మంచి ఆధారం ఉంది. ఇంజిన్‌ను చల్లబరచడానికి తీసుకునే సముద్రపు నీటి ఉష్ణోగ్రతను గంటకోసారి రాసుకోండి. అది ఉపరితలం నుంచి కొన్ని మీటర్ల లోతులోని నీరు. గాలి లేని ఎండ రోజున పైపొర అంతకన్నా కాస్త వెచ్చగా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

చివరగా, మీరు వాడబోయే మోడల్ లోపల ఏ నీటి ఉష్ణోగ్రత ఉందో చూడండి. అమెరికా వారి జీఎఫ్ఎస్ మోడల్‌లో సముద్రం మీద ఉపరితల ఉష్ణోగ్రత అని ఇచ్చేది అదే. అది బోయా కొలత కన్నా రెండు డిగ్రీలు ఎక్కువగా ఉంటే, ఆ మోడల్ ఆ చోట ఉన్న మంచును చూపించకపోవచ్చు. తక్కువగా ఉంటే లేని మంచును చూపించవచ్చు. ఈ తేడాను నోటు పుస్తకంలో పైనే రాసి పెట్టుకోండి. మిగతా లెక్కలన్నింటికీ అదే సవరణ.

రెండో పని: గాలి నడిచిన దారి పట్టుకోండి

1912లో టైటానిక్ మునిగాక, మరుసటి ఏడాది ఉత్తర అట్లాంటిక్‌లో మంచుకొండలను గమనించడానికి బ్రిటన్ స్కోషియా అనే ఓడను పంపింది. అందులో వాతావరణ పరిశీలకుడిగా వెళ్లినవాడు యువ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్. ఆయన ఓడ మీద నుంచి గాలిపటాలు ఎగరేసి, ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత, తేమ ఎలా మారుతున్నాయో కొలిచాడు. ఆ గాలి అంతకు ముందు ఏ నీటి మీదుగా వచ్చిందో వెనక్కి లెక్కవేశాడు. కింది గాలి ఎంత వెచ్చటి నీటి నుంచి ఎంత చల్లటి నీటికి వచ్చిందన్న చరిత్ర అంతా ఆ పొరల్లో కనిపించింది. పొగమంచు ఎలా ఏర్పడుతుందన్న దానిపై ఆయన పరిశోధన 1917లో వెలువడింది.

టేలర్ చేతితో వేసిన లెక్కను ఇప్పుడు హైస్ప్లిట్ అనే ప్రోగ్రాం నిమిషాల్లో వేస్తుంది. అమెరికా వాతావరణ సంస్థ దాన్ని తన వెబ్‌సైట్‌లో ఉచితంగా నడిపిస్తోంది. ఇలా చేయండి:

1. మీకు అంచనా కావలసిన చోటును, గంటను ఇవ్వండి.
2. వెనక్కి నడిచే దారిని ఎంచుకోండి. వ్యవధి 48 గంటలు.
3. ఎత్తులు మూడు ఇవ్వండి: 10 మీటర్లు, 100 మీటర్లు, 500 మీటర్లు.
4. వచ్చిన దారిని మీ నీటి పటం మీద పెట్టి, ప్రతి ఆరు గంటలకూ ఆ గాలి కింద నీరు ఎన్ని డిగ్రీలు ఉందో రాయండి.

ఈ అంకెల వరుస 21, 20, 18, 13, 9 అన్నట్టు దిగుతూ వస్తే మంచుకు కావలసిన మొదటి షరతు నెరవేరినట్టే. వరుస పెరుగుతూ వస్తే, ఈ క్షణాన తేమ ఎంత ఎక్కువగా ఉన్నా ఆ గాలి మంచును నిలబెట్టుకోలేదు. 10 మీటర్ల దారి, 500 మీటర్ల దారి వేర్వేరు చోట్ల నుంచి వస్తే ఇంకా జాగ్రత్తగా చూడండి. కింద సముద్రపు గాలి, పైన ఖండం మీది పొడిగాలి ఉందంటే మంచు పైభాగం గట్టిగా చల్లబడుతుంది. దాని ఫలితం కింద నాలుగో పనిలో వస్తుంది.

గంటల విషయంలో పొరపడకుండా ఒక వెసులుబాటు ఉంది. మోడళ్లన్నీ గ్రీనిచ్ కాలమానంలో నడుస్తాయి. న్యూఫౌండ్‌ల్యాండ్ గడియారం మన గడియారంలాగే అరగంట తేడాతో ఉంటుంది. వేసవిలో అది భారతదేశం కన్నా సరిగ్గా 8 గంటలు వెనక. మన సాయంత్రం 5:30కి అక్కడ ఉదయం 9:30, గ్రీనిచ్‌లో మధ్యాహ్నం 12.

మూడో పని: తేడా తీయండి

గాలి డ్యూ పాయింట్ నుంచి నీటి ఉష్ణోగ్రతను తీసివేయండి. ఈ ఒక్క అంకె మీద మీ అంచనా సగం నిలబడుతుంది.

ఉప్పునీటి మీద గాలి 100 శాతం తేమకు చేరదు, 98 శాతం దగ్గరే నీటితో సమతూకంలోకి వస్తుంది. అంటే ఆ గాలి నీటి నుంచి ఆవిరి తీసుకుంటూ దానంతట అది మంచుగా మారలేదు. నీటి కన్నా డ్యూ పాయింట్ ఎక్కువగా ఉన్న గాలి బయటి నుంచి రావాలి. కాబట్టి తేడా సున్నా దాటాలి. నా వరకు 1 డిగ్రీ దాటితే గట్టిగా అనుమానిస్తాను. 2 దాటి, మిగతా షరతులూ కుదిరితే మంచు ఉంటుందనే చెబుతాను.

అయితే ఏ డ్యూ పాయింట్ తీసుకోవాలి? మోడళ్లు 2 మీటర్ల ఎత్తున ఇచ్చే ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ నేరుగా లెక్కించినవి కావు. మోడల్ అట్టడుగు పొరకూ నీటి ఉపరితలానికీ మధ్య అంచనా కట్టి ఇచ్చినవి. యూరప్ వారి ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌లో ఆ అట్టడుగు పొర సుమారు 10 మీటర్ల ఎత్తున ఉంటుంది. చల్లటి నీటి మీద 2 మీటర్ల అంకె ఎప్పుడూ నీటి ఉష్ణోగ్రత వైపు లాగబడి ఉంటుంది. అక్కడ తేడా 0.5 డిగ్రీలే కనిపించినా దాని వెనక పెద్ద తేమ నిల్వ దాగి ఉండవచ్చు. అందుకే రెండు చోట్ల చూడండి. ఒకటి, 1000 హెక్టాపాస్కల్ పీడనం దగ్గర, అంటే సుమారు 100 మీటర్ల ఎత్తున డ్యూ పాయింట్. రెండు, గాలి చల్లటి నీటిలోకి అడుగుపెట్టక ముందు, అంటే రెండో పనిలో గీసిన దారి మీద, నీరు ఇంకా వెచ్చగా ఉన్న చోట 2 మీటర్ల డ్యూ పాయింట్. ఈ రెండో అంకె నాకు అన్నిటికన్నా నమ్మకమైనది.

ఈ అంకెల కోసం ఫైళ్లు దించుకుని తెరవడం రాకపోయినా ఫర్వాలేదు. ఓపెన్ మీటియో సేవలో అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, గాలి, కింది మబ్బు గంటగంటకూ పట్టికగా వస్తాయి. మోడల్‌ను కూడా మీరే ఎంచుకోవచ్చు. ఫైళ్లతోనే పని చేయాలనుకుంటే ఎక్స్‌వైగ్రిబ్ అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వచ్చినవారికి అందులోని ఎక్స్‌అరే అనే లైబ్రరీ చాలు.

నాలుగో పని: గాలి వేగం, పైనున్న మూత

గాలి వేగం 8 నుంచి 20 నాట్ల మధ్య ఉంటే మంచుకు అనుకూలం (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). 5 నాట్ల కన్నా తక్కువైతే అక్కడక్కడ పొరలుగా పట్టి వదిలేస్తుంది. 25 దాటితే గాలి కిందా మీదా కలిసి మంచు నీటిని వదిలి పైకి లేచి, తక్కువ ఎత్తులో మబ్బుగా మారే అవకాశం పెరుగుతుంది. ఇది పుస్తకాల్లో ఉండే సూత్రం. గ్రాండ్ బ్యాంక్స్ మీద మాత్రం దీన్ని గుడ్డిగా నమ్మకండి. గాలికీ నీటికీ తేడా పెద్దదైనప్పుడు అక్కడ 25, 30 నాట్ల గాలిలోనూ దట్టమైన మంచు నిలుస్తుంది.

తరవాత నిలువు కోత, అంటే ఎత్తుతో పాటు గాలి ఎలా మారుతోందో చూడాలి. ఆ దీవి తూర్పు తీరంలోని సెయింట్ జాన్స్ నగరం నుంచి రోజూ రెండుసార్లు, గ్రీనిచ్ కాలమానం 0 గంటలకు, 12 గంటలకు వాతావరణ బెలూన్ ఎగురుతుంది. దాని పటంలో కింది కొన్ని వందల మీటర్లు మాత్రం చూడండి. ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత తగ్గకుండా పెరిగే పొర ఎక్కడ మొదలైందో గుర్తించండి. అది మూత. నీటి నుంచే మొదలైతే గాలి ఇంకా చల్లబడే దశలో ఉందని అర్థం. 200, 300 మీటర్ల దగ్గర మొదలై, దాని కింద అంతా తేమతో నిండి ఉంటే మంచు ముదిరిందని అర్థం.

ముదిరిన మంచు స్వభావం వేరు. దాని పైభాగం ఆకాశానికి వేడిని వదులుతూ చల్లబడుతుంది. ఆ చల్లటి గాలి కిందికి దిగి, కొన్ని గంటలకు మంచు లోపలి గాలి నీటి కన్నా చల్లగా మారుతుంది. అప్పుడు నీరే కింద నుంచి మంచును వేడిచేస్తూ ఉంటుంది, అయినా మంచు పోదు. గాలి నీటి కన్నా వెచ్చగా ఉంటేనే మంచు ఉంటుందన్న నియమంతో చూసేవారు ఈ దశలో మంచు విడిపోతుందని రాస్తారు. పైన పొడిగాలి ఉండి, మూత గట్టిగా ఉన్నంతకాలం ఆ మాట రాయకండి.

ఐదో పని: ఇప్పుడు విజిబిలిటీ అంకె చూడండి, ఎందుకు నమ్మకూడదో తెలుసుకుని

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. గాలి 16 డిగ్రీలు, పూర్తిగా తేమతో నిండి ఉంది. నీరు 9 డిగ్రీలు. 16 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 13.6 గ్రాముల ఆవిరి పట్టుకుంటుంది. 9 డిగ్రీల దగ్గర సుమారు 8.8 గ్రాములు. అంటే దాదాపు 5 గ్రాములు మంచుగా మారిపోతుందా? కాదు. నీటిని ఆనుకున్న గాలి, పై గాలి కలుస్తాయి. చల్లదనంతో పాటు ఆవిరి కూడా పోయి చాలా భాగం నేరుగా సముద్రంలోనే చేరుతుంది. సగం సగం కలిస్తే 12.5 డిగ్రీల గాలి వస్తుంది. అందులో ఆవిరి సగటున 11.2 గ్రాములు. ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టుకోగలిగింది 11.0. మిగిలింది 0.2 గ్రాములు. చుక్కలు ఏర్పడేటప్పుడు వెలువడే వేడి వల్ల అది ఇంకా తగ్గుతుంది.

మంచు అంతా ఈ చిన్న మిగులే. ఇప్పుడు దాని నుంచి విజిబిలిటీ ఎలా వస్తుందో చూడండి. 1984లో కుంకెల్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం చాలా చోట్ల వాడుకలో ఉంది. దాని ప్రకారం ఘనపు మీటరుకు 0.02 గ్రాముల నీరుంటే సుమారు 850 మీటర్ల దూరం కనిపిస్తుంది. 0.1 గ్రాములుంటే సుమారు 200 మీటర్లు. 0.2 గ్రాములుంటే సుమారు 110 మీటర్లు. 850కీ 200కీ మధ్య తేడా 0.08 గ్రాములు. గాలిలో ఉన్న 11 గ్రాముల ఆవిరిలో అది ఒక శాతం కూడా కాదు. ఏ మోడల్ కూడా నడి సముద్రం మీద తేమను ఒక శాతం లోపు కచ్చితత్వంతో చెప్పలేదు. పైగా అదే నీరు చిన్న చిన్న చుక్కలుగా ఎక్కువ సంఖ్యలో ఉంటే ఇంకా తక్కువ దూరం కనిపిస్తుంది. ఆ సంఖ్య గాలిలోని ఉప్పు రేణువుల మీద, పొగ మీద ఆధారపడుతుంది. చాలా మోడళ్లు దాన్ని ముందే ఒక స్థిరమైన విలువగా పెట్టుకుంటాయి.

కాబట్టి మోడల్ 300 మీటర్లు అంటే 300 అని రాయకండి. మోడల్ కింది పొరలో మబ్బు నీరు ఉందని చెబుతోంది, అంతే. ఆ సంకేతం విలువైనదే. అది మీ మూడో పనిలో వచ్చిన తేడాతో ఏకీభవిస్తోందా, లేదా అన్నది చూడండి. రెండూ మంచు అంటే నమ్మకం పెంచండి. తేడా 2 డిగ్రీలు ఉండి మోడల్ మంచు చూపించకపోతే, అది వాడిన నీటి ఉష్ణోగ్రతను మళ్లీ చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఆరో పని: తీరం దగ్గర గాలి దిశను ఊరూరికీ విడిగా చదవండి

అర్జెంషియా, సెయింట్ జాన్స్ రెండూ అవలోన్ అనే ఒకే ద్వీపకల్పం మీద ఉన్నాయి. ఒకటి పడమటి వైపు ప్లాసెన్షియా అఖాతం మీద, మరొకటి తూర్పు వైపు. నైరుతి గాలి వీచిన రోజున అఖాతం గుండా వచ్చే మంచు అర్జెంషియాను కప్పేస్తుంది. అదే గాలి ద్వీపకల్పం దాటేలోగా నేల మీద వేడెక్కి, ఎత్తుల నుంచి దిగుతుంది గనుక సెయింట్ జాన్స్‌లో ఎండ కాయవచ్చు. ఈశాన్యపు గాలి వీస్తే చల్లటి సముద్రం నుంచి మంచు, తుంపర నేరుగా సెయింట్ జాన్స్ మీదికే వస్తాయి.

ఈ తేడాను 25 కిలోమీటర్ల గళ్ల పటంలో వెతకకండి. ఆ గడిలో సగం నేల, సగం నీరు కలిసిపోయి రెండింటికీ చెందని ఉష్ణోగ్రత వస్తుంది. కెనడా వారి హెచ్ఆర్‌డీపీఎస్ మోడల్ 2.5 కిలోమీటర్ల గళ్లతో, 48 గంటల వరకు, రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది. తీరం దగ్గర అంచనాకు అదే తీసుకోండి.

సెయింట్ జాన్స్ విమానాశ్రయం నివేదికను చదివేటప్పుడు ఒక సంగతి మరవకండి. అది సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మంచు అని నివేదిక వస్తే, కింద రేవులో అది తలపైన తేలే మబ్బు కావచ్చు. ఓడకు చెప్పే అంచనాను విమానాశ్రయం అంకెతో సరిచూస్తే తప్పు లెక్క వస్తుంది.

ఏడో పని: ఒక్క మోడల్ మాట మీద ఉండకండి

మూడు నుంచి ఐదు రోజుల ముందైతే సమూహ అంచనాలు చూడండి. కొద్దికొద్దిగా మార్చిన ప్రారంభ పరిస్థితులతో ఒకే మోడల్‌ను చాలాసార్లు నడిపి ఇచ్చేవి ఇవి. అమెరికా సమూహంలో 31, యూరప్ సమూహంలో 51 అంచనాలు ఉంటాయి. ప్రతి దానిలోనూ డ్యూ పాయింట్, నీటి ఉష్ణోగ్రతల తేడా తీసి, అది 0.5 దాటినవి ఎన్నో లెక్కపెట్టండి. 51లో 40 దాటితే వచ్చే గాలి మంచు గాలేనని చెప్పవచ్చు. అయితే ఒక లోపం గుర్తుంచుకోండి: నీటి పటమే తప్పుగా మొదలై ఉంటే 51 అంచనాలూ కలిసి ఒకే వైపు తప్పుతాయి. మొదటి పనిలో రాసుకున్న సవరణ ఇక్కడ కూడా వేయాలి.

రెండు రోజుల కన్నా ముందు మంచు ఏ గంటకు పడుతుందో చెప్పడానికి ప్రయత్నించవద్దు. ఏ రోజుల్లో ఆ గాలి వస్తుందో చెప్పగలిగితే అది చాలు.

ఎనిమిదో పని: ఆఖరి పన్నెండు గంటలు కళ్లతో చూడండి

గోస్-19 ఉపగ్రహం ఆ సముద్రాన్ని పగలూ రాత్రీ నిమిషాల వ్యవధిలో ఫోటో తీస్తూనే ఉంటుంది. పగలు మామూలు చిత్రంలో మంచు నునుపుగా, అంచులు తేటగా, తీరపు వంపుల్లోకి చొరబడినట్టు కనిపిస్తుంది. రాత్రిళ్లు 3.9, 10.3 మైక్రాన్ల పరారుణ చిత్రాల మధ్య తేడా చూపే రంగుల చిత్రాన్ని తెరవండి. ఎత్తైన మబ్బు కింద దాగితే మాత్రం మంచు కనపడదు. ఇంకొక పరిమితి: కింది మబ్బు నీటిని తాకుతోందా, 150 మీటర్ల పైన తేలుతోందా అన్నది ఉపగ్రహం చెప్పలేదు. దానికి ఓడల నివేదికలు, దీపస్తంభాలు, చమురు వేదికల నుంచి వచ్చే సమాచారమే దిక్కు.

మంచు అంచు గంటకు ఎంత దూరం జరుగుతోందో వరుస చిత్రాల్లో కొలిచి, 10 మీటర్ల గాలితో పోల్చండి. ఆరు గంటల లోపు అంచనాకు ఏ మోడల్ కన్నా ఈ కొలత మెరుగ్గా పనిచేస్తుంది.

విడిపోయే గంటను కూడా ఇక్కడే పట్టుకోవాలి. నడి సముద్రంలో ఎండ కోసం ఎదురుచూడటం వృథా. మోడల్‌లో శీతల వాతాగ్రం, అంటే ముందుకు జరిగే చల్లటి గాలి అంచు, ఎప్పుడు దాటుతుందో, గాలి నైరుతి నుంచి పడమరకూ వాయవ్యానికీ ఎప్పుడు తిరుగుతుందో చూడండి. ఖండం మీది పొడిగాలి రాగానే డ్యూ పాయింట్ నీటి ఉష్ణోగ్రత కన్నా కిందికి పడిపోతుంది. పడిన కొద్ది గంటల్లోనే తెర తొలగుతుంది. గాలి తిరిగే గంట విషయంలో మోడళ్లు బాగానే చెబుతాయి, మంచు పడే గంట కన్నా విడిపోయే గంటను ధైర్యంగా రాయవచ్చు.

తొమ్మిదో పని: అంచనాను పనికొచ్చేలా రాయండి

1956 జులై 25 రాత్రి అమెరికా తీరంలో నాంటకెట్ దగ్గర ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే రెండు ప్రయాణికుల ఓడలు ఢీకొన్నాయి. 51 మంది చనిపోయారు. రెండు ఓడల్లోనూ రాడార్ ఉంది. డోరియా గంటల తరబడి మంచులో ప్రయాణిస్తోంది. స్టాక్‌హోమ్ వైపు ఆకాశం తేటగా ఉందనిపించింది. మంచు అంచు ఎక్కడ ఉందన్న ఒక్క సమాచారం ఎంత ముఖ్యమో ఇది చెబుతుంది. సముద్రంలో ఢీకొనడాన్ని నివారించే అంతర్జాతీయ నియమాల్లో 19వ నియమం ప్రకారం మంచులో ప్రతి ఓడా సురక్షితమైన వేగానికి తగ్గాలి. 35వ నియమం ప్రకారం ఇంజిన్‌తో కదిలే ఓడ రెండు నిమిషాలకు మించకుండా ఒక్కో దీర్ఘమైన కూత వేయాలి. ఇవన్నీ మొదలుపెట్టవలసిన చోటు కెప్టెన్‌కు ముందే తెలియాలి.

అందుకే ‘రేపు పొగమంచు పడవచ్చు’ అని వదిలేయకండి. ఈ నాలుగూ రాయండి: మంచు అంచు ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర మొదలవుతుంది, ఏ గంటల మధ్య, ఎంత నమ్మకంతో, దేని వల్ల విడిపోతుంది. విజిబిలిటీని అంకెగా ఇవ్వకుండా మూడు మెట్లుగా ఇవ్వండి: 1 కిలోమీటరు పైన, 200 మీటర్ల నుంచి 1 కిలోమీటరు వరకు, 200 మీటర్ల లోపు. హైబర్నియా చమురు వేదిక సెయింట్ జాన్స్‌కు 315 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి వెళ్లే హెలికాప్టర్‌కు దిగే చోట మబ్బు ఎంత ఎత్తున ఉందో కూడా చెప్పాలి. చేపల పడవకు అది అక్కర్లేదు. ఎవరికి రాస్తున్నారో తెలుసుకుని రాయండి.

మీ నోటు పుస్తకంలో ప్రతి అంచనాకూ ఒక వరుస ఉండాలి: తేదీ, చోటు, 48 గంటల దారి మీద నీటి అంకెలు, దారి మొదట్లో డ్యూ పాయింట్, తేడా, గాలి దిశ, వేగం, మూత ఎత్తు, మోడల్ ఏమంది, మీరేమన్నారు, నిజంగా ఏం జరిగింది. మంచు అని చెప్పి పడినవి, చెప్పినా పడనివి, చెప్పకపోయినా పడినవి మూడు గళ్లుగా లెక్కపెట్టండి. ఒక వేసవి గడిచాక ఆ గళ్లను గాలి దిశ ప్రకారం విడదీయండి. నైరుతి గాలిలో మీ మోడల్ ఎన్ని డిగ్రీల తేడా దగ్గర నిజంగా మంచు చూస్తోందో, ఈశాన్యంలో ఎన్ని డిగ్రీల దగ్గర చూస్తోందో బయటపడుతుంది. పైన నేనిచ్చిన 1, 2 డిగ్రీల హద్దులను కొట్టేసి, ఆ అంకెలను రాసుకోండి.